అచ్చులో లచ్చమ్మత్త

ఆకివీడు దాటి కొల్లేటి వైపు తిరిగే రోడ్డులో గుల్లపాడు అడ్డరోడ్డు దగ్గర బస్సు దిగితే, ముందు అట్టు కాలుతున్న వాసన వస్తుంది. ఆ వెనకే అట్ల బండి లిడియా గొంతు వినిపిస్తుంది. యాభై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉంటుంది. జుట్టు నూనె రాసి బిగించి ముడేస్తుంది. మెళ్ళో నల్లదారానికి చిన్న శిలువ. ఆవిడ నోటికి భయపడని వాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఆ నోరు వినడానికే పని లేకపోయినా అట్టు తినిపోయే వాళ్ళూ ఉన్నారు.

ఎమ్మెల్యే వస్తున్నాడని పంచాయతీ వాళ్ళు రోడ్డుకి అటూ ఇటూ బ్లీచింగు పౌడరు జల్లిన రోజున, అట్టు తిరగేస్తూ అంది: "మామూలు రోజుల్లో జల్లరు గానీ ఆయనొస్తుంటే జల్లుతారేంటండీ? ఆయనేమన్నా అంటురోగమా?"

బెంచీల మీద వాళ్ళకి పొలమారింది. లిడియా మాత్రం నవ్వలేదు. ఆవిడ ఎప్పుడూ నవ్వదు. నవ్వించాలని ఆ మాటలు అనదు. కొందరికి కోపమొస్తే బూతులొస్తాయి, కొందరికి కన్నీళ్ళొస్తాయి. లిడియాకి అలాంటి మాట వస్తుంది. అంతే. ఈ సంగతి తెలిసింది ఊరందరిలోకీ శేషారత్నానికి ఒక్కదానికే.

శేషారత్నం పేటలో లిడియాకి పక్కింటావిడ. అబ్బులు భార్య. అబ్బులు ఆకివీడు, గుల్లపాడు మధ్య ఆటో తిప్పుతాడు. లిడియాని అక్కా అంటాడు. శేషారత్నమేమో వదినా అంటుంది. తెల్లారకుండానే వచ్చి పచ్చడి రుబ్బి, ఉల్లిపాయలు తరిగి, బెంచీలు తుడిచేది. నోట్లో నాలుక లేని మనిషి. లిడియా ఒక మాట అనగానే అందరూ పకపకమంటే, తను మాత్రం దగ్గరికొచ్చి, "ఏమైంది వదినా, అంత ఉడికిపోతున్నావు?" అనేది.

పాండురంగారావు మాస్టారు వచ్చింది ఆ రోజుల్లోనే. తాడేపల్లిగూడెంలో హైస్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఏలూరు నుంచి వచ్చే 'కొల్లేటి కెరటం' అనే చిన్న పేపర్లో వారం వారం సరదా శీర్షిక రాయడానికి ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారు గానీ సరదా ఎక్కడ దొరుకుతుందో ఆయనకి తెలియలేదు. చుట్టాలింటికి వెళ్తూ ఓ రోజు లిడియా బండి దగ్గర ఆగారు. ఒక అట్టు తిన్నారు. ఇంకో అట్టు చెప్పారు. తరవాతి శుక్రవారం మళ్ళీ వచ్చారు.

ఆదివారం పేపర్లో 'లచ్చమ్మత్త కబుర్లు' అని పడింది. పక్కన బొమ్మ. బోసినోరు, ఇంత పెద్ద ముక్కుపుడక, బుగ్గన తాంబూలం, చేతిలో కర్ర.

"ఈ ముసలమ్మ ఎవరండీ?" అంది లిడియా.

"మీరేనమ్మా!" అన్నారు మాస్టారు సంబరంగా.

"నాకు పళ్ళన్నీ ఉన్నాయి కదండీ."

"కార్టూను కదమ్మా, అలాగే వేస్తారు."

"పోనీ పేరో? నా పేరు బాగోలేదా అండి?"

మాస్టారు కొంచెం ఇబ్బంది పడ్డారు. "అలాగని కాదమ్మా. లిడియా అంటే చదివేవాళ్ళకి పల్లెటూరు కళ్ళకి కట్టదు. లచ్చమ్మత్త అంటే చప్పున కడుతుంది."

"అయితే నేను పుట్టింది ఏ పట్నంలో అండీ?"

ఆయన పడీ పడీ నవ్వారు. ఆ మాట కూడా పై వారం అచ్చయిపోయింది, ఎవరు ఎందుకన్నారో తెలియకుండా.

లిడియాకి అప్పుడే కాస్త చురుక్కుమంది. అయినా ఊరుకుంది. ఊరుకోవడానికి కారణం ఉంది. బస్ షెల్టరు రేకులు ఎగిరిపోయి వానలో పిల్లలు తడుస్తుంటే, "గవర్నమెంటు వాళ్ళు మా పిల్లలకి బస్సుతో పాటు స్నానం కూడా ఫ్రీగా ఇస్తన్నారండి" అంది ఒకసారి. అది పేపర్లో పడ్డాక, ఏదో మీటింగులో ఓ పెద్దాఫీసరు చదివి నవ్వాడట. నవ్విన పది రోజులకి కొత్త రేకులొచ్చాయి. దాంతో మాట అచ్చులో పడితే పని జరుగుతుందని లిడియాకి నమ్మకం కుదిరింది. అందుకే మాస్టారొస్తే స్టూలు తుడిచి వేసేది, చెప్పాలనుకున్నది కడుపులో దాచుకోకుండా చెప్పేది.

ఊరికి మంచినీళ్ళ చెరువు ఒకటుంది. ఎండాకాలం పంట కాలువ కట్టేసే ముందు, ఆ చెరువుని కాలువ నీళ్ళతో నింపి పెట్టుకుంటారు. మళ్ళీ కాలువ వదిలేదాకా ఊరంతటికీ అవే నీళ్ళు. ఆ ఏడు సరిగ్గా చెరువు నిండుతున్నప్పుడే, పైన గంగాధరరావు గారి రొయ్యల చెరువుల్లో పట్టుబడి పడింది. రొయ్యలు పట్టాలంటే నీళ్ళు తోడెయ్యాలి. ఇంజన్లు పెట్టి, లావుపాటి పైపులేసి, మందులూ మేతా కుళ్ళిన ఆ నల్లటి నీళ్ళన్నీ పంట కాలువలోకి వదిలేశారు. ఆ కాలువే మంచినీళ్ళ చెరువులోకి వచ్చింది.

బిందె ముంచితే వాసన. ఆడవాళ్ళు పంచాయతీ ఆఫీసుకి వెళ్ళారు. "బ్లీచింగు కలిపామమ్మా, కాచుకుని తాగండి" అన్నారు అక్కడ. గంగాధరరావు గారి దగ్గరికి వెళ్ళారు. "అయ్యో, ఈసారికి అలా జరిగిపోయిందమ్మా, ఇంకోసారి చూసుకుంటాం కదా" అన్నారాయన, ఎంతో మర్యాదగా. గోదావరి జిల్లాల్లో మనిషిని గెంటేసినా అండీ అనే గెంటుతారు.

ఎండలు ముదిరేసరికి పేటలో ఇంటింటికీ వాంతులు. తరవాత కామెర్లు. శేషారత్నం కళ్ళు పచ్చబడ్డాయి. ముందు పసరు పోయించారు. ఆ తరవాత అబ్బులు తన ఆటోలోనే పడుకోబెట్టి భీమవరం తీసుకెళ్ళాడు. అప్పటికే లివరు దెబ్బతిందన్నారు. మళ్ళీ అదే ఆటోలో ఇంటికి తెచ్చాడు. సమాధుల దొడ్లో పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే లిడియా కళ్ళు మూసుకోలేదు. గట్టు అవతల రోడ్డు మీద కార్లు వరసగా వెళ్తున్నాయి. గంగాధరరావు గారి చెరువులో రొయ్యకి తెల్లమచ్చ తెగులు కనపడిందట. మందుల కంపెనీ వాళ్ళు, ల్యాబు వాళ్ళు, ఎవరెవరో పరిగెత్తుకొస్తున్నారు.

ఆ శుక్రవారం మాస్టారు వచ్చేసరికి లిడియా ఒక్కతే పచ్చడి రుబ్బుతోంది.

"ఆవిడేదమ్మా?" అన్నారాయన.

చెప్పింది. చెరువు సంగతి చెప్పింది, కాలువ సంగతి చెప్పింది, పైపులు ఎవరివో చెప్పింది.  ఆఖర్న అంది: "రొయ్యకి మచ్చొస్తే కార్లొచ్చాయండి. మా శేషారత్నం చస్తే కాచుకుని తాగమన్నారు. దానిక్కూడా రెండు మీసాలుండుంటే బతికేది మాస్టారూ."

మాస్టారు తలదించుకున్నారు. అట్టు సగంలో వదిలేసి లేచారు. "తప్పకుండా రాస్తానమ్మా" అని వెళ్ళారు.

ఆదివారం లిడియా బండి దగ్గర ఒకటే నవ్వులు. బెంచీ మీద కుర్రాళ్ళు ఫోను చేతులు మారుస్తున్నారు. "అత్తా, ఈ వారం అదరగొట్టేశావు. మా భీమవరం గ్రూపులో కూడా తిరుగుతోంది" అన్నాడొకడు. లిడియా చెయ్యి తుడుచుకుని ఫోను తీసుకుంది.

'మా ఊళ్ళో ఒకావిడకి జొరమొస్తే ఒక్క డాక్టరూ రాలేదు. పక్క చెరువులో రొయ్యకి జలుబు చేస్తే బారుగా కార్లొచ్చాయి. ఈసారి మీసాలు పెట్టుకుని పడుకోవే అమ్మాయ్ అని చెప్పొచ్చాను.'

కింద బొమ్మ. మంచం మీద ఒక ఆడమనిషి, ముక్కు కింద నుంచి బారెడు రొయ్య మీసాలు. పక్కన బోసినోటి లచ్చమ్మత్త కిసుక్కుమంటోంది.

చావు లేదు. కాలువ లేదు. పైపులు లేవు. శేషారత్నం లేదు. మీసాలు మాత్రం ఉన్నాయి.

లిడియా ఆ బొమ్మని మళ్ళీ చూసింది. ఫోను ఇంకా చేతిలో ఉండగానే అబ్బులు ఆటో వచ్చి ఆగింది. అతను దిగి నేరుగా పెనం దగ్గరికొచ్చాడు. గడ్డం మాసి ఉంది. చేతిలో అతని ఫోను. అందులోనూ అదే బొమ్మ.

"మా ఆవిడకి మీసాలు పెట్టించావా అక్కా?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

"అబ్బులూ, నేను చెప్పింది అది కాదురా..."

"మీసాల మాట నువ్వన్నావా, అనలేదా?"

"అన్నాను. కానీ..."

అతను వినలేదు. వెనక్కి తిరిగి ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. ఇందాక నవ్విన వాళ్ళందరూ ప్లేట్లలోకి తలలు దించేసుకున్నారు. పెనం మీద అట్టు మాడిపోతోంది. లిడియా స్టవ్ ఆర్పేసింది.

"లేవండి. ఇవాళ అట్లు లేవు."

"అత్తా, చేతిలో ఉన్నది తిననీ..."

"లేవమన్నానా? నేను నీ అత్తని కాదు. లేవండి!"

మర్నాడు ఏలూరు బస్సెక్కబోతుంటే భర్త ఎలీయాజరు అడ్డం నిలబడ్డాడు. ట్రాక్టరు తోలే మనిషి, గొడవలంటే హడలు. "పేపరోళ్ళతో మనకెందుకే? రేపు ఇంకోటేదో రాస్తారు."

"ఇంతకంటే ఏం రాస్తారండీ? చచ్చిపోయినదానికి మీసాలు పెట్టారు. రేపు బతికున్న మీకు తోక పెడతారు. జరగండి."

'కొల్లేటి కెరటం' ఆఫీసు ఏలూరులో ఒక మందుల షాపు మీద మేడలో ఉంది. ఎడిటరు కుర్రవాడే, తెల్లచొక్కా, చల్లటి మాట. మాస్టారు కూడా అక్కడే ఉన్నారు, శీర్షిక ఇవ్వడానికొచ్చి. లిడియాని చూసి లేచి నిలబడ్డారు. ఎడిటరు కుర్చీ వేయించాడు. కూల్‌డ్రింక్ తెప్పించాడు. "మన లచ్చమ్మత్త గారు!" అని లోపలున్న వాళ్ళందరినీ పిలిచాడు. వాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు, ముందే పళ్ళు బయటపెట్టుకుని.

లిడియా కూర్చోలేదు. "నా పేరు లిడియా అండి. చచ్చిపోయినావిడ పేరు శేషారత్నం. ఆ రెండు పేర్లూ వెయ్యండి. ఏ నీళ్ళు తాగి చచ్చిపోయిందో వెయ్యండి. ఆ నీళ్ళు ఎవరి చెరువులోవో వెయ్యండి. మీసాల బొమ్మ వేసినందుకు తప్పయిందని వెయ్యండి."

ఎడిటరు నుదురు రుద్దుకున్నాడు. "మీ బాధ నాకర్థమైందమ్మా. కానీ పేర్లు వేస్తే అది న్యూసవుతుంది. న్యూస్‌కి ఆధారాలు కావాలి. హాస్యానికైతే అక్కర్లేదు."

"అంటే చచ్చిపోయిందని చెప్పడానికి సాక్ష్యం కావాలి, నవ్వడానికి అక్కర్లేదు. అంతేనా అండి?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎడిటరు ముఖం వెలిగిపోయింది. "చూశారా మాస్టారూ, ఎంత బాగా అన్నారో!"

ఆ క్షణంలో లిడియాకి కోపంతో కళ్ళు బైర్లు కమ్మాయి. తను ఏమన్నా వీళ్ళు నవ్వుతారు. ఏడ్చినా నవ్వుతారు. తన నోట్లోంచి వచ్చిన ప్రతి మాటకీ గేటు దగ్గరే ఎవరో బోసినోరు తగిలించి లోపలికి పంపిస్తున్నారు. ఆవిడ మాస్టారి వైపు తిరిగింది.

"మాస్టారూ, మీరు చదువు చెప్పినవారు. చెప్పండి. ఆ శుక్రవారం మీ ఎదురుగా నేను నవ్వుతున్నానా?"

"లేదమ్మా."

"మరెలా ఉన్నాను?"

"కోపంగా ఉన్నారు."

"ఆ కోపం ఏదండీ? మొత్తం మీకే ఇచ్చాను కదా. ఎక్కడ పారబోసి వచ్చారు?"

మాస్టారు చేతిలోని శీర్షిక కాయితాలు మడిచి పెట్టుకున్నారు. "నవ్వు కలిపితేనే జనం చదువుతారమ్మా. లోపల బాధ వాళ్ళకి తెలుస్తుందనుకున్నాను" అన్నారు చివరికి.

"మా పేటలో చదివారండి. అబ్బులు చదివాడు. అతనికేం తెలిసిందో వెళ్ళి అడగండి." ఆవిడ కూల్‌డ్రింక్ గ్లాసు బల్ల మీద వాళ్ళ వైపుకి జరిపింది. "ఇక నా బండి దగ్గరికి రావద్దు. నా మాట ఒక్కటి అచ్చులో కనపడిందా, ఈసారి కుర్చీ వేయించుకోడానికి రాను."

ఆ తరవాత కూడా 'లచ్చమ్మత్త కబుర్లు' వచ్చింది. కోడలి సాంబారు మీద ఒకటి, మొగుడి గురక మీద ఒకటి. "ఈ మధ్య లచ్చమ్మత్త చప్పబడిపోయింది" అన్నారు చదివేవాళ్ళు. బండి దగ్గర లిడియా నోరు విప్పడం మానేసింది. ఎంత కారం, ఎన్ని అట్లు, అంతే. అబ్బులు ఆటో బండి ముందు నుంచే వెళ్ళేది గానీ ఆగేది కాదు. ఆగని ఆ ఆటోని చూసినప్పుడల్లా ఆవిడకి కడుపులో మంట లేచేది. ఆ మంట అబ్బులు మీద కాదు.

వానలు పడి కాలువలు వదిలారు. మంచినీళ్ళ చెరువు మళ్ళీ నింపడం మొదలుపెట్టారు. ఒక పొద్దున్న గంగాధరరావు గారి గట్టు మీద ఇంజన్లు దించుతున్నారని కబురొచ్చింది. తెగులు తప్పించుకున్న చెరువులకి పట్టుబడి. పైపులు మళ్ళీ కాలువలోకే వేశారు.

లిడియా పిండి గిన్నె మీద మూత పెట్టింది. పేటలోకి నడిచింది. ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. "నేను రొయ్యల చెరువు గట్టుకి వెళ్తున్నాను. వచ్చేవాళ్ళు రండి" అంది. కామెర్లొచ్చి లేచిన వాళ్ళు వచ్చారు, ఇంట్లో మనిషిని ఆసుపత్రుల చుట్టూ తిప్పినవాళ్ళు వచ్చారు. ఊళ్ళోంచి, ఆ మంచినీళ్ళ చెరువు నీళ్ళే తాగే సుబ్బలక్ష్మి గారు కూడా వచ్చారు. సొంత పొలమున్న రైతు కుటుంబపు మనిషి, పేటవాళ్ళతో కలిసి గట్టెక్కడం అదే మొదలు.

పట్టుబడి చేసే కూలీలు చూస్తుండగానే ఆడవాళ్ళు పైపు పట్టారు. బరువు. నల్లనీళ్ళు బుసబుసా కక్కుతోంది. చీరలు తడిసిపోయాయి, కాళ్ళు జారాయి. అందరూ కలిసి దాని మూతి కాలువలోంచి ఎత్తి, గట్టు మీదుగా తిప్పి, మళ్ళీ రొయ్యల చెరువులోకే పెట్టారు. ఇంజను తోడుతోంది, తోడిన నీళ్ళు మళ్ళీ అదే చెరువులో పడుతున్నాయి. సూపర్‌వైజరు కేకలేస్తూ వచ్చేసరికి ఆడవాళ్ళంతా ఆ పైపు మీద బారుగా కూర్చున్నారు.

ఐసు లారీలు రోడ్డు మీద ఆగిపోయాయి. గంగాధరరావు గారు కారు దిగారు. పంచె మడిచి, నవ్వుతూ వచ్చారు.

"ఏంటమ్మా లచ్చమ్మత్తా! నలుగుర్నీ నవ్వించే మనిషివి, నువ్వే ఇలా చేస్తే ఎలాగ?"

"నా పేరు లిడియా అండి."

"సరేనమ్మా, లిడియా. ఐసు కరిగిపోతోంది. సరుకు పాడైపోద్ది. కూర్చుని మాట్లాడుకుందాం, ముందు పైపు వదలండి."

"మేం కూర్చునే ఉన్నామండి. మాట్లాడండి."

కూలీల్లో ఒకడికి నవ్వొచ్చింది. లిడియా వాడి వంక చూసింది. నవ్వు ఆగిపోయింది. తన మాటకి ఎవరైనా భయపడి నవ్వాపుకోవడం ఆవిడ అదే మొదటిసారి చూసింది.

గంగాధరరావు గారి గొంతు మారింది. పోలీసులకి ఫోను చేస్తానన్నారు. చేశారు కూడా. అప్పుడే అబ్బులు ఆటో వచ్చి గట్టు కింద ఆగింది. అతను పైకొచ్చాడు. లిడియా వైపు చూడలేదు. పైపు అటు చివర ఖాళీ ఉంటే అక్కడ కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి ఎస్సై వచ్చాడు, ఇరిగేషన్ ఆఫీసరు వచ్చాడు, రెవెన్యూ వాళ్ళొచ్చారు. వేసవిలో నాలుగు సార్లు పిలిచినా రాని వాళ్ళందరూ సరుకు పాడైపోతుందనేసరికి వచ్చేశారు. కేసు పెడతామన్నారు. "పెట్టుకోండి. కేసులో అయినా నా పేరు సరిగ్గా రాయండి" అంది లిడియా. చివరికి ఇరిగేషన్ ఆఫీసరే, చెరువులకి అవతలి పక్క మురుగు డ్రెయిను ఉంది కదా, అందులోకి వదలమన్నాడు. దానికి పైపులు ఎక్కువ కావాలి, అంతే. ఆ అంతే కోసమే శేషారత్నం పోయింది. గంగాధరరావు గారు పళ్ళు బిగించి, పైపుల కోసం ఉండి ఊరికి మనిషిని పంపించారు. పొడుగు పైపులొచ్చి, నీళ్ళు డ్రెయిను వైపు తిరిగాకే ఆడవాళ్ళు లేచారు.

దిగుతుంటే గట్టు కింద పాండురంగారావు మాస్టారు స్కూటరు పక్కన నిలబడి ఉన్నారు. దగ్గరికి రావడానికి జంకుతున్నారు.

"మాటేదైనా కావాలా మాస్టారూ?" అంది లిడియా.

"మీరేం చెప్తే అది రాస్తానమ్మా. ఒక్క అక్షరం మార్చను."

"శేషారత్నం అనే మనిషి రొయ్యల చెరువు నీళ్ళు తాగి చచ్చిపోయింది. అంతే. ఇందులో నవ్వొచ్చేది ఏమీ లేదు. రాయగలరా?"

రాశారు. లోపలి పేజీలో, మూలన పడింది. శేషారత్నం పేరు పడింది. గంగాధరరావు గారి పేరు మాత్రం 'ఒక రైతు' అయింది. పై వారం నుంచి 'లచ్చమ్మత్త కబుర్లు' ఆగిపోయింది. మాస్టారే మానేశారని కొందరు, మాన్పించేశారని కొందరు. లిడియా అయ్యో అనలేదు.

కేసు మాత్రం నిజంగానే పెట్టారు. స్టేషనుకి రమ్మన్నప్పుడల్లా వెళ్ళి, బల్ల మీద కూర్చుని వస్తోంది.

మంచినీళ్ళ చెరువు తేటపడింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఒకరోజు బండి దగ్గరికి కింద లంక ఊళ్ళో చేపలు పట్టుకునే మనిషొకడు వచ్చి అట్టు తింటూ, తమ వైపు డ్రెయిను ఈ మధ్య నల్లగా వస్తోందని, గేదెలు కూడా మూతి పెట్టడం లేదని చెప్పాడు.

లిడియా చేతిలో గరిటె ఆగిపోయింది. "ఆ డ్రెయిను మీ ఊరి మీదుగానే పోద్దా?"

"మా ఊరి మీదుగానే కొల్లేట్లో కలుస్తదండి."

"మీరేం నీళ్ళు తాగుతారు?"

"ఏముందండి, గట్టు పక్కన గుంట తీసుకుంటాం. అందులో ఊరినవే."

ఆవిడ ముఖం ఎర్రబడింది. గెలిచామనుకుంటే, చేసిందల్లా ఆ విషాన్ని ఇంకో ఊరి మీదకి తిప్పడమేనన్నమాట. ఆఫీసరుకి తెలుసు. గంగాధరరావుకి తెలుసు. తనకే ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. పెనం దింపి స్టవ్ ఆర్పింది. రోడ్డు మీదకి నడిచి, వస్తున్న ఆటోకి అడ్డంగా నిలబడింది. అబ్బులు బ్రేకు వేశాడు.

"కింద లంకకి పోవాలి. ఆ ఊరి ఆడవాళ్ళతో మాట్లాడాలి" అంది.

 అతను వెనక సీటు మీదున్న సంచీ తీసి ముందు పెట్టుకున్నాడు. లిడియా ఎక్కింది. ఆటో కొల్లేటి వైపు తిరిగింది.